మాల తీసేలోగా

స్వామీ,

మాలలో ఉన్నవాళ్లను పెళ్లామైనా అట్లే పిలవాలంట కాబట్టి పిలుస్తున్నాను. సన్నిధానంలో పదిమంది ముందు అడగలేక, ఈ ఉత్తరం మీ భిక్ష క్యారేజీ కింద పెట్టి పంపుతున్నాను.

శివమాల వేసుకున్నప్పటి నుంచి మీరు ఫోన్ ముట్టలేదు. నెట్ సెంటర్ మీ తమ్ముడికి అప్పగించి కంప్యూటర్ వైపే పోలేదు. సంతోషమే. కానీ ఊరంతా మిమ్మల్నే పొగుడుతోంది. మొన్న కొళాయి దగ్గర సుంకులమ్మవ్వ, "మీ ఆయప్ప బంగారమమ్మా! నా మోకాళ్ల నొప్పి గురించి చెప్తాంటే శానాసేపు కూచోని ఇన్యాడు" అంది. నా నడుంనొప్పి మూడేళ్లది. తెర మీంచి తల ఎత్తకుండా మీరనే "ఊఁ" ఒక్కటే దానికి దక్కింది.

అదైనా ఓర్చుకున్నాను. నిన్న ఎదురింటి మధులత నవ్వుకుంటూ వచ్చి, "అక్కా, పెండ్లయిన కొత్తలో అహోబిలం పోతాంటే బస్సు చెడిపోయిందంట గదా! నువ్వు నిద్రలో అన్న చొక్కా పట్టుకొని వదల్లేదంట. భజనకాడ అన్న చెప్తాంటే అందరం నవ్వినాం" అంది. నేనూ నవ్వాను. లోపల మాత్రం భగ్గుమంది. ఆ సంగతి మీకు గుర్తుందని ఇన్నేళ్లూ నాకు తెలియదు. ఆమెకు తెలిసింది.

శ్రీశైలంలో మాల తీసి ఇంటికి వచ్చినాక ఫోన్ అడగొద్దు. ఎక్కడ దాచానో చెప్పను. ముందు నా ఎదురుగా కూర్చుని ఆ బస్సు కథ మొదటి నుంచి చెప్పండి. నిద్రపోయినదాన్ని, అది నేనింకా వినలేదు.

ఇట్లు,
అంతవరకూ మీకు మాత, ఆ తర్వాత మీ భార్య