లైన్లో మూడో మనిషి

మార్చి 3

పెళ్ళికి ముందు నేను మా ఆవిడకు రాసిన ఉత్తరాన్ని ఆమె తమ్ముడు కవరు చింపి ఇంటిల్లిపాదికీ చదివి వినిపించాడు. ఇంకెప్పుడూ నీ సంగతులు బయటపెట్టనని అక్క తల మీద చెయ్యిపెట్టి ఒట్టు వేశాడు. పెళ్ళినాడు భోజనాల దగ్గర అదే ఉత్తరం, కామాలతో సహా, అప్పజెప్పాడు. అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. ఆవిడ తలెత్తలేదు. అప్పట్నుంచి మా ఇంట్లో వాడి పేరు రేడియో. వాడు దాన్ని బిరుదనుకున్నాడు.

ఇవాళ పొద్దున రేడియో ఫోన్ చేశాడు. బావా, అక్క ఫేమస్ అయిపోయింది, చూశావా అన్నాడు.

చూశాను.

మా అమ్మాయి తీసిన వీడియో అది. డాక్టరుకు చూపించడానికి తీసింది. చుట్టాలు అడుగుతుంటే ఫ్యామిలీ గ్రూపులో పెట్టింది, ఇది మనలోనే ఉండాలి అని పైన రాసి మరీ. మా ఆవిడ మంచం మీద కూర్చుని, అరచెయ్యి చెవికి ఆనించుకుని, నంబర్ ప్లీజ్ అంటుంది. లైన్లో ఉండండి అంటుంది. టెలిఫోన్ ఎక్స్చేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషి. మతిమరుపు జబ్బు నన్నూ అమ్మాయినీ కూడా తుడిచేసింది. స్విచ్‌బోర్డు జోలికి మాత్రం పోలేదు. రోజంతా ఎవరెవరికో కాల్స్ కలుపుతుంది. ఆవిడకు మిగిలిన సంతోషం అదొక్కటే. ఈ ఇంట్లో వినిపించే మాటా అదే.

రేడియో దాన్ని గ్రూపులోంచి ఎత్తి తన పేజీలో పెట్టాడు. పబ్లిక్. వెనకాల పాట. పైన ‘మా క్యూట్ అక్క’. కింద పసుపుపచ్చ మొహాలు కళ్ళనీళ్ళు కారేలా నవ్వుతున్నాయి. జీవితమంతా ప్రెస్సులో ప్రూఫులు దిద్దినవాణ్ణి. ఆ కామెంట్లలో ఒక్కడికీ ఒత్తులు రావు. సిగ్గు అంతకన్నా రాదు.

మార్చి 4

తీసెయ్యమన్నాను. నీకు భార్యయితే నాకు అక్క కాదా అన్నాడు.

మార్చి 6

తీసేశాను బావా, సంతోషమేనా అని మెసేజి పెట్టాడు. వెతికాను. లేదు. అమ్మాయీ వెతికింది. లేదు. పోనీ, ముసలితనంలోనైనా వీడికి బుద్ధొచ్చింది అనుకున్నాను. పుస్తకాల్లో ఇలాంటి మార్పులు చూపించే రచయితల్ని నేనెప్పుడూ నమ్మలేదు. వీణ్ణి నమ్మాను.

ఎక్స్చేంజిలో ఉన్నన్నాళ్ళూ ఊరందరి మాటలూ మా ఆవిడ చెవుల మీదుగా వెళ్ళాయి. నాకు ఒక్కటి చెప్పలేదు. పెళ్ళైన కొత్తలో గుచ్చి గుచ్చి అడిగేవాణ్ణి. చేరినప్పుడు సంతకం పెట్టానండీ, నా నోరు నాది కాదు అనేది. ఎవరి సంసారం ఎక్కడ పగిలిందో తెలిసి కూడా బజార్లో అందర్నీ ఒకేలా పలకరించేది. నేను చదివిన మహానుభావుల్లో ఇంత నిబ్బరం ఉన్నవాళ్ళు తక్కువ.

మార్చి 11

మధ్యాహ్నం ఒకావిడ వచ్చింది. గర్ల్స్ స్కూల్ హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన పెద్దావిడ కూతురట. కూర్చోమన్నా కూర్చోలేదు. అంకుల్, మా అమ్మ మీకేం అపకారం చేసిందండీ అంది.

ఫోన్ తీసి చూపించింది. అదే వీడియో. అలాగే ఉంది. పాట కూడా.

మొదటిసారి నేను నవ్వులే చూసి మధ్యలో ఆపేశాను. ఇవాళ చివరిదాకా విన్నాను. చివర్లో మా ఆవిడ గొంతు తగ్గించి ఓదారుస్తోంది. హెడ్‌మిస్ట్రెస్ గారూ, ఆయన ఇంట్లో లేరని ఆయనే చెబుతున్నారమ్మా, ఇంక ఏడవకండి. జనం పడీ పడీ నవ్విందంతా ఆ మాటకే. ఏ స్కూలు, ఏ హెడ్‌మిస్ట్రెస్ అని ఒకడు అడిగాడు. పాత స్టూడెంట్ ఒకామె స్కూలు పేరు చెప్పింది. ఆ ‘ఆయన’ ఎవరై ఉంటాడో ఇంకొకడు ఊహించాడు. సరిగ్గానే ఊహించాడట. పెద్దావిడ గది తలుపు తియ్యడం లేదట. ఈ వయసులో మా అమ్మ పరువుతో మీకేం పనండీ అంది ఆ కూతురు.

ఇంతలో తన గొంతు తనకే వినపడి మా ఆవిడ లోపల్నుంచి వచ్చింది. ఫోన్‌లోకి తొంగి చూసింది. ఆ క్షణంలో ఆవిడకు అంతా తెలిసింది. ప్రమాణం చేసి చెప్పగలను. ఇది నేనే చెప్పానా అని అడిగింది. బయటికెలా వచ్చింది, నేను ఎవరికీ చెప్పలేదే అంది. మళ్ళీ మళ్ళీ అదే. తర్వాత అరచెయ్యి నోటి మీద పెట్టుకుంది.

వచ్చినావిడ ఏడ్చింది. ఫోన్ మూసేసి వెళ్ళిపోయింది.

అదే రోజు, సాయంత్రం

అమ్మాయి వచ్చి విషయం తేల్చింది. మామయ్య తియ్యలేదు నాన్నా, మనిద్దర్నీ బ్లాక్ చేశాడు, మనకు తప్ప లోకమంతటికీ కనిపిస్తోంది అంది. అలా చేసే సెట్టింగ్ ఉంటుందట. అది ప్రైవసీ అనే శీర్షిక కింద ఉంటుందట. అక్క గుట్టు వీధిన పెట్టి, వీడు తన గుట్టుకు మాత్రం తాళం వేసుకున్నాడు.

ఫోన్ చేశాను. నువ్వు ఊరికే బీపీ పెంచుకుంటావని అలా చేశాను బావా అన్నాడు. జనం దీవిస్తున్నారయ్యా, నాలుగు లక్షల మంది అన్నాడు. నువ్వెప్పుడూ ఇంతే, పెళ్ళిలో కూడా నవ్వలేదు అన్నాడు. పోలీసు స్టేషన్‌కు వెళ్తున్నానని చెప్పాను. పది నిమిషాల్లో తీసేశాడు. ఈసారి అమ్మాయి స్నేహితురాలి ఫోన్‌లో కూడా చూసి రూఢి చేసుకున్నాం.

మార్చి 13

మూతబడ్డది వాడి పేజీలోనే. వేరేవాళ్ళ పేజీల్లో తిరుగుతూనే ఉంది. ఒకడు పాట మార్చాడు. అమ్మాయి కూర్చుని ఒక్కోదాన్నీ రిపోర్ట్ చేస్తోంది. వీడియోలో ఉన్న వ్యక్తి మీరేనా అని ఆ యాప్ అడుగుతుందట ప్రతిసారీ.

మార్చి 16

నంబర్ ప్లీజ్ అని నేనే అన్నాను. అరచెయ్యి చెవికి పెట్టుకుని, ఆవిడ ఎదురుగా కూర్చుని, పొద్దుట్నుంచీ. హలో, ఎక్స్చేంజా అన్నాను. నన్ను చూసింది. నోటి మీది చెయ్యి తియ్యలేదు. అన్నం కలిపి పెట్టడానికి ఆ చెయ్యి నేను పట్టుకుని దించాల్సి వస్తోంది.

రేడియో వచ్చి చూస్తానంటున్నాడని అమ్మాయి చెప్పింది. గుమ్మం తొక్కితే కాళ్ళు విరగ్గొడతానన్నాను. నా మోకాళ్ళ సంగతి తెలుసు కనుక నవ్వబోయి ఆగిపోయింది.

మార్చి 24

మాట పూర్తిగా పోయింది. డాక్టరు తన కాగితంలో కారణం అనేచోట జబ్బు పేరు రాశాడు. నేను ఇక్కడ మనిషి పేరు రాస్తున్నాను. రేడియో.