చెవికి అందని లీకు

మార్చి 3
నాన్న మళ్ళీ మెట్ల మీద కూలబడ్డాడు. ముఖం సున్నం కొట్టినట్టుంది, కళ్ళు పసుపు. అమ్మ కామెర్లంది. కామెర్లూ లేవు, వల్లకాడూ లేదు. ఛాతీకి చెవి ఆనించి విన్నాను. గుండెలో మెటల్ వాల్వు పెట్టించినప్పటి నుంచీ ఇంట్లో ఆయన పేరు గడియారం. నోరు తెరిస్తే టిక్కుటిక్కు పక్క గదికీ వినబడుతుంది. ఇవాళా అదే టిక్కు, తేడా లేదు. నేను పనిచేసే రిపేరు షెడ్డులో నీళ్ళ పంపుల రోగం చెవితోనే పట్టేస్తాను. మిషను శుభ్రంగా ఉంది, లేచి నడువు అని కసిరాను.

మార్చి 9, పొద్దున్న
ట్యాంకు ఖాళీ, ఫ్లష్ పనిచేయలేదు. నాన్న బయటికి రాగానే బాత్రూంలోకి వెళ్ళాను. కమోడ్‌లో మూత్రం, పాలు పోయని డికాషన్ రంగు.
అడిగితే బీట్‌రూట్ తిన్నానన్నాడు. ఈ ఇంట్లో బీట్‌రూట్ కొన్నదెవరు? ఎన్నాళ్ళ నుంచి అని నిలదీశాను. అమ్మకి చెప్పకే తల్లీ అన్నాడు. ఒళ్ళు మండి గోడని గుద్దాను. గోడకేం కాలేదు.

మార్చి 10
డాక్టరమ్మ గుండెకి ఎకో స్కాన్ తీసింది. వాల్వు రెక్కలు బాగానే ఆడుతున్నాయట. అంచున కుట్టు ఒకచోట ఊడి సందు పడిందట. రక్తం ఆ సందులోంచి వెనక్కి చిమ్ముతోందట, ఎర్ర కణాలు అక్కడే చితికిపోతున్నాయట. ఆ డికాషన్ రంగు వాటిదే. మరి టిక్కు బాగుందే అన్నాను. టిక్కు రెక్కలదమ్మా, సందు సంగతి నీ చెవికి అందదు అంది.
సందు మూయాలి. ముందు రక్తనాళంలోంచి సన్నటి ట్యూబు పంపి మూయడానికి చూస్తారు. కుదరకపోతే మళ్ళీ ఛాతీ కోత.
నాన్న చొక్కా గుండీలు పెట్టుకుని బయటికి వచ్చేశాడు.

మార్చి 11
మిషను శుభ్రంగా ఉందని నువ్వేగా అన్నావు, మా మెకానిక్కు మాట చాలు నాకు అంటున్నాడు. నా మాట తెచ్చి నా మొహానే కొట్టాడు.
కావాలంటే రక్తం ఎక్కించుకుంటాడట, కోత మాట ఎత్తొద్దట. ఎక్కించిందాన్ని కూడా ఆ సందే చితక్కొడుతుంది కదా నాన్నా అని అరిచాను. అమ్మ నన్ను బయటికి నెట్టి తలుపేసింది.

మార్చి 13
షెడ్డులో ఒక్క పంపు రోగమూ తేల్చలేకపోయాను. స్టార్ట్ చేయడం, వినడం, ఆపేయడం. చెవుల్లో దూది పెట్టుకొచ్చావా అని ఓనరు వెక్కిరించాడు. స్పానర్ విసిరేసి ఇంటికొచ్చాను.

అదే రోజు, సాయంత్రం
నాన్నకి చెప్పేశాను. నా చెవి తప్పు. నేనన్నది తప్పు.
గడియారం నన్ను ఎగాదిగా చూశాడు. పుట్టినప్పటి నుంచీ నువ్వు తప్పు ఒప్పుకోగా చూళ్ళేదు, అయితే నేను నిజంగానే పోయేట్టున్నానే అన్నాడు. నవ్వబోయి ఆయాసపడ్డాడు. ఊపిరి అందాక, ఆసుపత్రికి సంచి సర్దమన్నాడు.

ఏప్రిల్ 21
ట్యూబుతోనే మూశారు. ఇంటికొచ్చాడు. పొద్దున్నే టిక్కుటిక్కు. నమ్మలేదు. ఫ్లష్ నొక్కొద్దని అరిచి లోపలికి దూరాను. సిగ్గూశరం లేదా అని బయట నుంచి తిట్టాడు.
లేత పసుపు.
చాలాసేపు తలుపు తీయలేదు.