రెండో గొంతు

ఆదివారం, గోదావరిఖని

నేను తయారుచేస్తున్న పాటల వెబ్‌సైట్ ఇవాళ పూర్తయింది. ముందుగా నేనూ నా స్నేహితురాలు సునీతా కలిసి పాడిన పాటే పెట్టాను. ఆమె పెళ్ళయి భైంసా వెళ్ళకముందు మా క్వార్టర్ వంటింట్లో ఫోన్‌లో రికార్డు చేసుకున్నది. గని సైరన్ మోగినంతసేపూ నవ్వు ఆపుకుంటూ నిలబడి, అది ఆగగానే పాట ఎత్తుకున్నాం.

సైటులో పాడినవారి పేరుకు ఒకటే గడి ఉంది. నా పేరు రాసేశాను. లింకు సునీతకు మాత్రమే పంపాను.

సాయంత్రం ఫోన్ చేసింది. "మంచిగున్నదే. గా రెండో గొంతు ఎవలదే?"

ఎత్తిపొడుస్తోందనుకుని సిగ్గుతో చచ్చిపోయాను. "తప్పయిందే. జర ఆగు, ఇప్పుడే నీ పేరు పెడత."

"పేరు కోసం కాదే. నిజంగనే గుర్తుపట్టలే. గట్ల పాడేదాన్నా నేను?"

చర్చిలో మా అందరికీ శ్రుతి అందించిన మనిషి! ఇప్పుడు పాడుతున్నావా అని అడగాలనుకున్నాను. అడగకుండానే ఫోన్ పెట్టేశాను.

ఆ గడిలోనే ఇద్దరి పేర్లూ ఇరికించాను, ఆమెది ముందు. ఆ మాత్రం బుద్ధి మొదటే ఎందుకు లేకపోయిందో.

పడుకోబోతూ సైటు మళ్ళీ చూశాను. నేను పాట నొక్కనే లేదు, లింకు ఇంకెవరికీ ఇవ్వలేదు. పాట కింద, విన్నది పద్నాలుగు సార్లు అని ఉంది.