ఏ దారిన వచ్చావని అడగాలి

అయ్యా,

విషయం: విచారణ మొదలగుటకు ముందు దరఖాస్తుదారు ఏ దారిన వచ్చినదో తమరు అడుగుట, తమరు వచ్చిన దారి ఆమెకు చెప్పుట, తద్వారా నన్ను దుబాసి ఉద్యోగము నుండి విముక్తుని చేయుట గురించి.

పునరావాస విచారణాధికారి గారి సముఖమునకు, అదే గదిలో తమరి ఎడమ ప్రక్కన స్టూలు మీద కూర్చుండు దుబాసి సవినయముగా విన్నవించుకొనునది ఏమనగా:

1. రాతి క్వారీ విస్తరణ నిమిత్తము ఖాళీ చేయించిన కూలి లైన్లలో, అనగా కూలీల ఇళ్ల వరుసలలో, ఇల్లు కోల్పోయి, ఇంకను బదులు ఇల్లు పొందని వృద్ధురాలి మాటలను తమరికి, తమరి మాటలను ఆమెకు అందజేయుట నా విధి. మా నాన్న ఆ క్వారీలో కూలీల హాజరు చూసేవాడు. నేను లైన్లలోని పిల్లలతో ఆడుకుంటూ వాళ్ల భాష నేర్చుకున్నాను. ఆ పిల్లలు తలో ఊరికీ చెదిరిపోయి ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరి భాష మాట్లాడుకుంటున్నారు. తమ పిల్లలకు ఇది నేర్పలేదు. ఇది నేర్చుకుని బాగుపడ్డవాడెవడని వాళ్లు అడిగితే, చూపించడానికి నేనొక్కణ్ణే ఉన్నాను. నన్ను చూపిస్తే ఉన్న ఆశ కూడా పోతుంది.

2. నా భార్య వేరే ఊరి ఆసుపత్రిలో నర్సు. అక్కడికి బదిలీ కోరుతూ నేను పెట్టుకున్న ప్రతి దరఖాస్తూ 'ప్రత్యామ్నాయము లభించిన వెంటనే పరిశీలించబడును' అను వ్రాతతో తిరిగి వచ్చుచున్నది. ప్రత్యామ్నాయము లభించదు. ఈ ఊళ్లో ఆ భాష తెలిసినవాళ్లం ఇద్దరమే మిగిలాం, రెండో మనిషి దరఖాస్తుదారే. ఆమెకు ఆమెనే దుబాసిగా వేయవచ్చునా అని హెడ్ గుమాస్తా గారిని ఎగతాళికి అడిగాను. ఆయన నిబంధనల పుస్తకం తీసి నిజంగానే వెతికారు. తమరికి ముందు ఈ కుర్చీలో ఎందరో కూర్చున్నారు, వెళ్లారు. చివరికి కుర్చీకి కూడా కొత్త గుడ్డ వేశారు. నా స్టూలు మాత్రం నన్ను వదలలేదు.

3. దుబాసి తన సొంత మాట ఒక్కటి కూడా కలపరాదు, సాక్షి 'నేను' అన్నచో తానును 'నేను' అనవలెను అని నిబంధన. అందువలన ఇన్నాళ్లుగా ఈ గదిలో నా మొగుడు రాళ్లు జారి మీదపడి చనిపోయాడని, నా వంటగది గోడ నా కళ్లముందే పడగొట్టారని, నేను గోడౌను వెనక రేకుల గదిలో వానకు తడుస్తున్నానని చెప్పుకుంటూ వచ్చాను. మొన్న ఫోనులో నా భార్యతో కూడా 'నా గోడ' అనేశాను. ఏ గోడ అని అడిగింది. నాకు సొంత గోడ ఒక్కటీ లేదని అప్పుడు గుర్తొచ్చింది. ఆమె, "అక్కడ ఆవిడ మాట మీరు చెబుతున్నారు. నా మాట మీకు ఎవరు చెప్పాలి?" అంది.

4. ఇక అసలు సంగతి. ఆ లైన్లలోనివారు ఒక్కొక్కరు ఒక్కో కొండ నుంచి పనికి వచ్చినవారు. ఎవరిని నమ్మాలో తెలియని రోజుల్లో వారిలో ఒక అలవాటు స్థిరపడింది. ఇద్దరు కలిస్తే ముందు ఏ దారిన వచ్చావని అడగాలి. వచ్చిన దారి, దారిలో చూసినది, తిన్నది, ఇంట్లో లేని మనిషి ఎవరన్నదీ చెప్పాలి. అవతలివారూ చెప్పాలి. అప్పుడే మాట మొదలైనట్టు. దారి చెప్పుకోకముందు ఎన్ని మాటలు నడిచినా అవి గాలికి పోయినవే, వాటికి పూచీ లేదు. వేరే కొండ మనిషి, ఎవరో నేర్పిన మాటలు వల్లించడానికి రాలేదని వాళ్లకు అలాగే తెలిసేది. ఆ భాషలో మాట ఇవ్వడం అంటే ముందు దారి ఇవ్వడమే.

5. మొదటి విచారణలో ఆమె ఇదంతా అడగబోయినది. అప్పటి అధికారి గారు, నమస్కారం అంటున్నదని చెప్పి ముగించమని నన్ను ఆదేశించి, రికార్డులో 'నమస్కారము' అని వ్రాయించిరి. నాటి నుండి నేటి వరకు ఆమె దారి, దారిలోని లారీలు, ఇంట్లో లేని మొగుడు, అన్నీ కలిపి ఆ ఒక్క ముక్కలోనే ఇరుక్కొని యున్నవి.

6. గడచిన వాయిదాలో తమరు, ఇంతకు ముందు చెప్పినదంతా నిజమేనా అని ఆమెను అడిగితిరి. నేనింకా ఏమీ చెప్పలేదు అని ఆమె అన్నది. నిబంధన ప్రకారము నేనును, "నేనింకా ఏమీ చెప్పలేదు" అన్నాను. తమరు ఫైలు ఎత్తి బల్ల మీద పడవేసి, ఇదంతా ఎవరు చెప్పారని నన్ను అడిగితిరి. నేను సంగతి వివరించబోగా, "నీ సొంత పురాణం వద్దు. ఆమె అన్నది అను, చాలు" అన్నారు. మళ్లీ మాట మారిస్తే దరఖాస్తు కొట్టివేస్తామని కూడా అన్నారు. అయ్యా, ఆమె మాట మార్చలేదు. ఆమె లెక్కలో మాట ఇంకా మొదలే కాలేదు.

7. బయట వరండాలో నేను ఆమెను బతిమాలుకున్నాను. నేను ఆమెను వరసకు అత్తా అంటాను, ఆమె నన్ను అల్లుడా అంటుంది. వచ్చే వాయిదాలో ఒక్కసారి అవును అనేయి అత్తా, ఇల్లు వస్తుంది, నేనూ నా పెళ్లాం దగ్గరికి పోతాను అన్నాను. అత్త ఒప్పుకోలేదు. "దారి అడగని మనిషికి అవునన్నా ఒకటే, కాదన్నా ఒకటే అల్లుడా. అట్లా చెప్పి తీసుకున్న ఇంట్లో నాకు నిద్ర పట్టదు" అంది. కోపం వచ్చింది నాకు. ఈ వయసులో ఈ పట్టుదల ఎందుకని కసిరాను. ఆమె, పొద్దున ఏం తిన్నావని అడిగింది.

8. కొట్టివేస్తే నాకైనా విముక్తి కలుగునని అనుకున్నాను. హెడ్ గుమాస్తా గారు ఆ ఆశ కూడా తీసివేసినారు. కొట్టివేస్తే అప్పీలు వెళ్తుందట, అప్పీలుకు దుబాసి కావాలట. "ఫైలుకు కట్టిన దారం నువ్వు. ఫైలు ఎక్కడికి పోతే అక్కడికి పోతావు" అన్నారు. ఆయన మంచివారే, టీ కూడా ఇప్పించారు.

కావున తమరిని ప్రార్థించునది: వచ్చే వాయిదాన కలము పట్టుటకు ముందు, ఏ దారిన వచ్చావని ఆమెను అడగవలెను. ఆమె చెప్పినది యావత్తు చెప్పుటకు నాకు అనుమతి నీయవలెను. పిదప తమరు ఏ దారిన వచ్చినదీ, ఏమి తిన్నదీ, ఇంట్లో ఎవరు లేనిదీ ఆమెకు చెప్పవలెను. టీ చల్లారేలోపు అయిపోతుంది. ఆ తర్వాత ఆమె చెప్పే మాట ఎవరు ఎన్నిసార్లు అడిగినా మారదు. ఇల్లు వస్తే ఆమె వేరే చోటికి పోతుంది, నేను నా ఇంటికి పోతాను. ఆపైన నన్ను ఏ దారిన వచ్చావని అడిగేవారు ఈ లోకంలో ఉండరు. అది నాకు తెలుసు. తెలిసే అడుగుచున్నాను.

ఇందులో నా సొంత మాటలు చాలా కలిసినవి. దుబాసి నిబంధన దాటినందుకు మన్నించి, ఇదంతయు చిత్తగించవలెనని వేడుకొనుచు,

తమ విధేయుడు,
దుబాసి

తా.క.: సంతకం పెట్టాక చదువుకుంటే తెలిసింది, అత్త పద్ధతిలో నేనూ తమరికి ఇంకా ఏమీ చెప్పలేదు. కాబట్టి ఇది పైన రాసిన దానికి ముందు చదవాలి.

నేను ఈ రోజు రైలు గేటు దారిన వచ్చాను. గేటు పడితే సైకిలు పట్టుకుని నిలబడ్డాను. పక్కన ఒకావిడ స్కూటరు మీద కూర్చుని అద్దంలో చూసుకుంటూ ఎవరితోనో పోట్లాట ప్రాక్టీసు చేస్తోంది. పొద్దున రెండు అరటిపళ్లు తిన్నాను. ఇంట్లో లేని మనిషి నా భార్య.

తమరు ఏ దారిన వచ్చారు?