ఫైల్లో నేను రాసిన మాట

చెల్లెమ్మా,

చించేసినా సరేగానీ, ముందు ఇది చదువు.

ఆ రోజు కుట్టుమిషన్ల దగ్గర నువ్వూ, కటింగ్ మాస్టరూ అరుచుకుని, ఇద్దరూ కత్తెరలు నేలకేసి కొట్టారు. సూపర్‌వైజర్‌గా ఇద్దరి ఫైళ్లలోనూ నేనే రాశాను. అతనికి "పని ఒత్తిడి" అని, నీకు "తలతిక్క మనిషి" అని.

అప్పట్నుంచీ నువ్వు నోరు తెరిస్తే చాలు, "తిక్క మొదలైంది" అని అందరూ నవ్వేవారు. మూడేళ్లు ఓర్చుకున్నావు. పోయిన వారం నిజంగానే గొంతు చించుకుని అరిచావు. "నేను చెప్పలా?" అన్నది కూడా నేనే. నిన్ను పనిలోంచి తీసేశారు.

నిన్న మేనేజరు ముందు రెండు ఫైళ్లూ పెట్టి, తప్పు నాదేనన్నాను.

"నీకు జాలెక్కువయ్యా. ఆవిడ సంగతి అందరికీ తెలిసిందేగా!" అన్నాడాయన.

ఆ అందరికీ చెప్పింది నేనేనమ్మా. ఇప్పుడు కాదంటే ఒక్కరూ నమ్మడం లేదు.

ఇట్లు,
నువ్వు అన్నయ్యా అని పిలిచిన సూపర్‌వైజరు