ఎడమకు పోయే ట్రాక్టరు

గుంటూరులో గేము యంత్రాలు బాగుచేసే నసీమున్నీసా గారికి,

పొదిలి పక్క పల్లెలో పగలు మిరపచేను చూసుకుంటూ, సాయంత్రం వాక్యం చెప్పుకుంటూ బతికే జక్రయ్య వందనాలు.

మీకు ఫోను చేస్తే పాట వినిపించింది గాని మనిషి వినిపించలేదు. పైగా ఫోనులో అన్న మాటకు సాక్ష్యం ఉండదు. అందుకని ఈ ఉత్తరాన్ని కంట్రోలరుతో పాటు డబ్బాలో పెట్టి, గుంటూరు బస్సు నడిపే ఇమాం హుస్సేన్ చేతికి ఇస్తున్నాను. మీ జవాబు కూడా ఆ డబ్బాలోనే పెట్టి పంపండి.

సంగతి ఏమంటే, మిరపకోతల ముందు నా భార్య రెబ్కాకు పక్షవాతం వచ్చింది. దేవుని దయవల్ల కాలు తిరిగి వచ్చింది, మాట తిరిగి వచ్చింది. ఎడమచెయ్యి మాత్రం రాలేదు. అందులోనూ బొటనవేలు ఎవరి మాటా వినదు. ఫిజియో డాక్టరమ్మ అన్విత గారు, "ఆ వేలికి రోజూ పని పెట్టాలి. ఈ వేసవిలో కదలకపోతే ఇక కదలదండి" అన్నారు. బంతి నొక్కమంటే రెబ్కా రెండు నొక్కులు నొక్కి పక్కన పెడుతుంది. చివరికి డాక్టరమ్మే ఈ ఆట చెప్పారు. రెబ్కా అన్నకొడుకు ఫిలిప్ దాన్ని టీవీకి తగిలించి వెళ్లాడు.

నేను ఆటలకు వ్యతిరేకిని. మైకులో చాలాసార్లు ఖండించాను. కానీ ఇందులో కత్తి లేదు, తుపాకి లేదు, సిగ్గుమాలిన బట్టలు లేవు. ఒక చేను ఉంది, ఒక ట్రాక్టరు ఉంది. కుడిచేత్తో మీట నొక్కితే ట్రాక్టరు సాళ్లు వేసుకుంటూ పోతుంది, ఎడమ బొటనవేలితో కంట్రోలరు మీది పుల్ల తిప్పితే పక్కకు మళ్లుతుంది. ఏదెను తోటలో ఆదాముకు అప్పగించిన పనే కదా అని ఒప్పుకున్నాను.

ఇప్పుడు ఆ ట్రాక్టరు దారి తప్పింది. పుల్ల మీద నుంచి వేలు తీసినా తనంతట తానే ఎడమకు తిరిగి పక్కవాడి చేలోకి పోతోంది. పొరుగువాడి హద్దు రాయి జరిపినవాడికి ధర్మశాస్త్రంలో శాపం ఉంది. ఆ పక్క చేను ఎవరిదో ఆటలో పేరు వెయ్యలేదు, అయినా పాపం పాపమే. ప్రార్థించాను. గద్దించాను. బిలాము తన గాడిదను కొట్టినట్టు మూడుసార్లు కొట్టాను కూడా. బుద్ధి రాలేదు. రెబ్కా చెయ్యి ఇప్పుడు మీ చేతిలో ఉంది.

ప్రభువు పొలంలో కూలివాడు,
జక్రయ్య

తా.క. బాగుచేసే నెపంతో మీరు ఆడకండి. ఆ చేలో రెబ్కా పత్తి వేసింది.

* * *

జక్రయ్య గారికి,

సలాం. రెబ్కా గారి చెయ్యి త్వరగా తిరగాలని మా అమ్మ కూడా దువా చేసింది.

మీ ట్రాక్టరుకు పట్టింది పాపం కాదండి, దుమ్ము. దీన్ని మేం స్టిక్ డ్రిఫ్ట్ అంటాం. పుల్ల కింద సన్నటి పట్టీ ఉంటుంది, దాని మీద చిన్న ముల్లు రాసుకుంటూ తిరుగుతుంది. పుల్ల ఎటు వంగిందో ఆ ముల్లే యంత్రానికి చెబుతుంది. మధ్యలో దుమ్ము చేరినా, పట్టీ అరిగినా, పుల్ల నిటారుగా ఉన్నప్పుడు కూడా "ఎడమకు వంగింది" అని అబద్ధం చెబుతుంది. ట్రాక్టరు పాపం ఆ మాట నమ్మి పోతుంది.

విప్పి చూస్తే మా ఇంట్లో ఒక పూట పప్పుకు సరిపడా కారం వచ్చింది. మీరు కళ్లంలో మిరపకాయలు ఏరిన చేతుల్తో పట్టుకుంటున్నారని అర్థమైంది. ఆల్కహాలుతో శుభ్రంగా కడిగి ఆరబెట్టాను. ఇకముందు అనుమానం వస్తే ఇలా చూసుకోండి. కంట్రోలరును బల్ల మీద పెట్టి ఎవరూ ముట్టుకోకండి. సెట్టింగుల్లో పుల్లను పరీక్షించే చోట ఒక చుక్క కనిపిస్తుంది. అది నడిమధ్యలో కూర్చుంటే ఆరోగ్యం. పక్కకు పాకితే జబ్బు.

ఉంటాను,
నసీమున్నీసా

తా.క. మూడుసార్లు కొట్టానని రాశారు. నాలుగో దెబ్బ కూడా కనిపిస్తోంది.

* * *

నసీమున్నీసా గారికి,

వందనాలు చెప్పాలో వద్దో తెలియక చెబుతున్నాను.

డబ్బా అందింది. ట్రాక్టరు తిన్నగా పోయింది. ఆ సంతోషంలో మీ ఉత్తరం గట్టిగా చదివి రెబ్కాకు వినిపించాను. ఆల్కహాలు అన్న మాట దగ్గర కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాను.

అమ్మా, నేను ఊళ్లో సారా కొట్టు మూయించినవాణ్ణి. తాగొచ్చినవాణ్ణి ప్రార్థన కూడికలో వెనక బెంచీ మీద కూడా కూర్చోనివ్వను. అటువంటి నా ఇంటి కంట్రోలరుకు మీరు మందు పట్టించారు. నోవహు అంతటివాడే ద్రాక్షారసానికి తూలి పడ్డాడే, ట్రాక్టరు ఎంత?

నేను భయపడినట్టే అయింది. అది తిన్నగా పోయినంతసేపూ రెబ్కా మొహం వాడిపోయింది. వాసనకే అయి ఉంటుంది. కొత్త వస్తువు ఏది గుమ్మం దాటి వచ్చినా ప్రార్థన చేసి దేవునికి ప్రతిష్ఠించుకోవడం మా పద్ధతి, బోరు మోటారుకూ చేశాం, కుట్టుమిషనుకూ చేశాం. ఈసారి మీ మందు సంగతి తెలిశాక దీనికీ శ్రద్ధగా చేశాను. అయినా ట్రాక్టరు మళ్లీ ఎడమకు తూలుతూ పక్క చేలోకి పోయింది. రెబ్కా మాత్రం పళ్లు బిగించి దాన్ని వెనక్కి లాగుతోంది. ఆ ఓర్పు చూస్తే యోబు గుర్తొస్తున్నాడు.

మళ్లీ పంపుతున్నాను. ఈసారి నీళ్లతో కడగండి.

మద్యపాన విరోధి,
జక్రయ్య

తా.క. నాలుగో దెబ్బ నాది కాదు, రెబ్కాది. ఆమె కుడిచెయ్యి బాగానే ఉంది.

* * *

జక్రయ్య గారికి,

సలాం, కొంచెం కోపంతో.

నీళ్లతో కడిగితే లోపల తుప్పు పడుతుందండి. నేను వాడింది ఊదేలోపే ఆవిరైపోతుంది. అదీగాక తాగడానికి మీ ట్రాక్టరుకు నోరు లేదు.

అసలు దోషం ఇప్పుడు దొరికింది. నూనె. పుల్ల చుట్టూ నూనె, పుల్ల కింద నూనె, పట్టీ మీద నూనె, దానికి కారం అతుక్కుని ఊరగాయలా తయారైంది. గుంటూరు కాలేజీ కుర్రాళ్ల కంట్రోలర్లు రోజూ విప్పుతాను. ఎవడు ఏ బండి దగ్గర బజ్జీలు తిని వచ్చి ఆడాడో వాసన చూసి చెప్పగలను. మీది కొబ్బరినూనె. కొబ్బరినూనెలో బజ్జీలు వేసే ఇల్లు నేనింతవరకు చూడలేదు. లేకపోతే తలకు పట్టించుకుని ఆ చేతుల్తోనే దున్నుతున్నారా? పెద్దవారు, నిజం చెప్పండి.

పుల్ల కింది ముక్క పాడైంది కాబట్టి తీసేసి, అలాంటిదే కొత్తది అతికాను. దయచేసి జిడ్డు చేతుల్తో ముట్టుకోకండి.

ఉంటాను,
నసీమున్నీసా

తా.క. నిజంగా బజ్జీలే అయితే ఎలా వేస్తారో రాయండి. మా అమ్మ అడుగుతోంది.

* * *

నసీమున్నీసా గారికి,

న్యాయాధిపతి ముందు నిలబడి రాస్తున్నట్టు రాస్తున్నాను.

మీ ఉత్తరంలో బజ్జీల సంగతి చదువుతుంటే రెబ్కా నవ్వింది. జబ్బుపడ్డాక ఆమె అంత నవ్వడం చూడలేదు. నాకు మాత్రం నవ్వు రాలేదు. డాక్టరమ్మ వేపుళ్లు మాన్పించిన నాటి నుంచి మా ఇంట్లో మూకుడు పొయ్యి ఎక్కలేదు. నా తల మీద నూనె పెట్టుకోవడానికి వెంట్రుకలు లేవు. ఈ యంత్రం మీద ఏ నూనే పడలేదని బైబిలు మీద చెయ్యి వేసి చెబుతున్నాను.

మీరు వేసిన కొత్త ముక్క కూడా పోయింది. మీరు చెప్పిన పరీక్షే చేశాను. కంట్రోలరును బల్ల మీద పెట్టి చేతులు కట్టుకుని దూరంగా కూర్చున్నాం. కూడికకు వచ్చిన పుల్లమ్మ, జయపాల్ కూడా చూశారు. చుక్క అందరి కళ్లముందే ఎడమకు పాకింది. పుల్లమ్మ లేచి దణ్ణం పెట్టబోతే కూర్చోబెట్టాను.

అంటే ఇది మీ పనితనమైనా కావాలి, సాతాను పనితనమైనా కావాలి. మే నెల దగ్గర పడుతోంది. వేసవి పోతే రెబ్కా వేలు పోయినట్టే. ఈసారి కూడా ట్రాక్టరు దారిన పడకపోతే పొదిలి సెంటర్లో మైకు పెట్టి మీ కొట్టు పేరు చెబుతాను. ఏలీయా బయలు దేవత ప్రవక్తలను నిలదీసినట్టు నిలదీస్తాను. మనసులో ఏమీ పెట్టుకోకండి.

సత్యానికి సాక్షి,
జక్రయ్య

తా.క. ప్రార్థన నూనె లెక్కలోకి రాదు కదా. ప్రతిష్ఠించేటప్పుడు పుల్ల నెత్తిన పోస్తాం, అంతే. నేను మరిచినా రెబ్కాయే గుర్తుచేసి, "ఇంకొంచెం పొయ్యండి, మీకు విశ్వాసం తక్కువైంది" అంటుంది.

* * *

పెద్దన్నగారికి,

సలాం. మీ తాజాకలం చదివి కుర్చీలో కూలబడ్డాను.

నూనె ఏ గిన్నెలోదో ముల్లుకు తెలియదండి. ఎగతాళి చేస్తున్నాననుకోకండి. మా అమ్మ కూడా దర్గా నుంచి తెచ్చిన నీళ్లు మా మిక్సీ మీద చల్లుతుంది. చల్లిన రోజున నేను దాని ప్లగ్గు పీకి దాస్తాను. మీ నమ్మకాన్ని నేను మార్చలేను, మా అమ్మదే మార్చలేకపోయాను. అందుకని ముక్కనే మార్చాను.

ఇది అయస్కాంతం రకం. ఇందులో ముల్లు లేదు, పట్టీ లేదు, ఒకదానికొకటి రాసుకునేదే లేదు. పుల్ల కదిలితే అయస్కాంతం కదులుతుంది, దాన్ని యంత్రం దూరం నుంచే పసిగడుతుంది. కారం చల్లుకోండి, తైలం పోసుకోండి, చుక్క నడిమధ్య నుంచి కదలదు. ఇక రెబ్కా గారికి ఏ ఇబ్బందీ లేదు.

మీ చెల్లెలు అనుకోండి,
నసీమున్నీసా

తా.క. ఆడొద్దన్నారు గాని పరీక్షకోసం ఆడాను. పక్క చేలోకి ఒక్కసారే వెళ్లాను, అదీ కావాలనే. వాడి పత్తి మీదానికంటే బాగుంది.

* * *

నసీమున్నీసాకు,

నేను రెబ్కాను. మీ ఉత్తరాలన్నీ ఆయన గట్టిగా చదివితే వింటున్నదాన్ని. ఇది మాత్రం ఆయనకు తెలియకుండా రాస్తున్నాను. ట్రాక్టరు దారిన పడిన అద్భుతానికి సాక్ష్యం చెప్పడానికి పొన్నూరు మీటింగుకు వెళ్లారు. మిమ్మల్ని కూడా మైకులో పొగుడుతారట.

అమ్మా, మీరు నన్ను ముంచారు.

మొదట్లో ట్రాక్టరు తిన్నగా పోయేది. నా వేలు పుల్ల మీద పొదిగే కోడిలా కూర్చునేది తప్ప మరేం చేసేది కాదు. అప్పుడు ఆ డ్రిఫ్టు వచ్చింది. ట్రాక్టరు ఎడమకు లాగుతుంటే నేను కుడికి నెట్టాలి. నెట్టకపోతే నా పత్తి సాలు వదిలి పక్కవాడి చేను దున్నుతుంది. పుట్టింటి పొలంలో గట్టు తగాదాలు చూసి పెరిగినదాన్ని, ఊరుకోగలనా? చెయ్యి రాకపోయినా కోపం వచ్చింది. ఆ కోపంలో నెట్టగా నెట్టగా ఒకరోజు వేలు కదిలింది. నా కళ్లను నేనే నమ్మలేదు. అన్విత గారు పట్టి చూసి, "ఏం చేస్తున్నారో గాని అదే చెయ్యండమ్మా" అన్నారు.

అంతలో మీరు బాగుచేసి పంపారు. ట్రాక్టరు బుద్ధిమంతురాలైంది, వేలు మళ్లీ పడుకుంది. నేను కుమిలిపోతుంటే ఆయన ఆల్కహాలు వాసన అనుకున్నారు. మందుతో కడిగారన్న కోపంలో ప్రార్థన చేసి సీసా పుల్ల మీద ఒంపారు. తెల్లారేసరికి డ్రిఫ్టు వచ్చింది. దారి దొరికింది అనుకున్నాను. ఆ తర్వాత మీరు బాగుచేసిన ప్రతిసారీ నేనే అడిగి పోయించాను. ప్రార్థన పని చెయ్యలేదని మీరు అనుకోకండి. చేసింది, ఆయన చెప్పిన చోట కాదు, అంతే.

ఇప్పుడు మీ అయస్కాంతం వచ్చింది. సీసా అంతా పోయించాను. ఆయనకు అనుమానం రాకుండా ఉపవాసం కూడా ఉన్నాను. చుక్క ఒక్క వెంట్రుక కూడా కదల్లేదు. నాది ఎడమచేతి వాటం. ఈ ఉత్తరం ఆ చేత్తోనే రాస్తున్నాను. ఇంతవరకు వచ్చింది, మిగతాది కూడా రావాలి. ఇప్పుడు ఆపితే వెనక్కి పోతుందేమోనని భయంగా ఉంది.

అందుకని కంట్రోలరు పంపుతున్నాను. మీ అయస్కాంతం మీరు తీసుకుని, అరిగిపోయిన పాత ముక్క ఏదైనా ఉంటే వేసి పంపండి. ఎంత చెడ్డదైతే అంత మంచిది. ఆయన అడిగితే, మంచి ముక్కే గాని దానికి పరీక్షాకాలం వచ్చిందని చెప్పండి. ఆ మాట అంటే ఆయన ఇక ప్రశ్నలు వెయ్యరు.

మీ అక్క,
రెబ్కా

తా.క. చెయ్యి తిరుగుతోందని కూడా ఆయనకు తెలియనివ్వకండి. ఈ ఎండాకాలమంతా అంట్లు ఆయనే తోముతున్నారు. పెళ్లయిన ఇన్నేళ్లకు ఇప్పుడిప్పుడే ఆయనకు గిన్నె అడుగు కూడా తోమడం అలవాటవుతోంది.