నేను నిటారుగా నిలబెట్టిన చెట్లు

మీకు నమస్కారాలు.

ఇక్కడ నేనూ అత్తయ్యా క్షేమం. మీరూ క్షేమమని తలుస్తానంటూ ప్రతిసారీ రాసే మాట ఈ ఉదయం రాయబోతే చెయ్యి ఆడలేదు. మీరున్న కొండ కింద ఫోను పలకదు. పాలవ్యాను పది గంటలకి బయల్దేరుతుంది. ముందే ఒక మాట చెప్తాను: ఇదే వ్యానులో ఎక్కి తిరిగి వచ్చేయండి. మీరు చదివేదాకా ఆగమని డ్రైవరుకి చెప్పాను. ఊరికే రమ్మంటే రారని తెలుసు. అందుకే ఎన్నాళ్లుగానో దాచుకున్నదంతా చెప్పడానికి కలం పట్టాను.

మీరడిగినవాటికి జవాబులు. అత్తయ్య మాత్రలు మానలేదు. చేదని తిడుతూనే మింగుతున్నారు. ప్రింటరు రంగులు వచ్చాయి. ప్రదర్శనవాళ్లు గోడకి పెట్టే మీ ప్రతి ఫొటో పక్కన కెమెరాలోంచి వచ్చిన అసలు ఫొటో కూడా పెడతారట, ఎనిమిదేళ్లవీ తీసి ఉంచమన్నారు. తీశాను. దాని గురించి కింద రాస్తాను.

మీరు దిగిన బంగళా తలుపు మూసుకోవడం లేదని, వడ్రంగిని చెడామడా తిట్టానని రాశారు. బల్ల మీద పెట్టిన పెన్సిలు దానంతటదే దొర్లి పడుతోందని, బావి నీళ్లు బురదగా వస్తున్నాయని, వంటాయన కూతుళ్లు దయ్యమని భయపడుతున్నారని నవ్వుతూ రాశారు. నాకు నవ్వు రాలేదండీ. వడ్రంగి తప్పేం లేదు.

స్టూడియో ఆయన మనింటికి వచ్చిన రోజు గుర్తుందా?

"మాస్టారూ, ఆకాశం కాస్త నీలం పెంచుదామా? జనం ఎగబడి కొంటారు" అన్నాడు.

"నీ పెళ్లి ఫొటోకి పెంచుకో! కొండకి పౌడరు రాసే పని నాది కాదు. దేవుడు ఎలా పెట్టాడో అలాగే తీస్తా" అన్నారు మీరు.

ఆయన నావైపు తిరిగి, "అమ్మగారూ, మీరైనా చెప్పండి" అన్నాడు. నేను తల వంచుకుని లోపలికి వెళ్లిపోయాను. సిగ్గనుకున్నారు మీరు. సిగ్గే, కానీ మీరనుకున్నది కాదు.

ఎనిమిదేళ్ల కిందట మీ ఎడమ చెయ్యి పడిపోయి, మళ్లీ లేచింది. లేచాక మొదట తీసింది ఆ కొండనే, సరస్సు ఇవతలి సిమెంటు దిమ్మ దగ్గర నిలబడి. స్టాండు మీద పెట్టినా మట్టం మాత్రం మీ కంటితోనే చూసుకుంటారు కదా. ఆ ఫొటో కంప్యూటర్లోకి ఎక్కిస్తే, వాలులో ఉన్న చెట్ల వరుస ఎడమకి ఒరిగి ఉంది. చెయ్యి ఇంకా పూర్తిగా స్వాధీనంలోకి రాలేదనుకున్నాను. మీకు చూపించడానికి మనసొప్పలేదు. ఫొటోని అర డిగ్రీ కుడికి తిప్పాను. చెట్లు లేచి నిలబడ్డాయి. మూలలు కత్తిరించి ప్రింటు తీసి, వెనకాల "దిద్దని చిత్రం" అని మీ ముద్ర నేనే వేశాను. రోజూ ప్రార్థన చేసే చేత్తోనే వేశాను.

మరుసటి ఏడు అక్కడి నుంచే తీసినదానికి ఒక డిగ్రీ. ఆపై ఏడు ఇంకాస్త. మీ చెయ్యి దిగజారుతోందని లోపల కుమిలిపోతూ తిప్పుతూ వచ్చాను. అలా తిప్పితే పక్కనున్న పెద్ద బండ కుడికి ఒరిగినట్టు కనబడేది. బండని ఎవరు చూస్తారులే అనుకున్నాను. మీరు కంప్యూటరు మొహం చూడరు. ప్రింటు చేతిలోకి తీసుకుని, "చూశావా, సహజం అంటే ఇదీ" అనేవారు. నేను అవునండీ అనేదాన్ని.

మొన్న మీరు పంపిన కెమెరా కార్డులో, కొత్త లెన్సుతో వెడల్పుగా తీసిన ఫొటో ఉంది. మొదటిసారి సరస్సు కూడా పడింది. ఎప్పటిలాగే చెట్లు నిటారుగా వచ్చేదాకా తిప్పాను. నాలుగు డిగ్రీలు పట్టింది. అప్పుడు నీళ్లు కుడివైపుకి ఒలికిపోతున్నట్టు వాలిపోయాయి. మళ్లీ వెనక్కి తిప్పాను. నీళ్లు సమంగా ఉన్నాయి, బండ సమంగా ఉంది, బంగళా వెనకాల చెట్లు మాత్రం వాలి ఉన్నాయి. నీళ్లు ఒరగవు కదండీ. ఒరుగుతున్నది ఆ కొండే.

"ఆయన చెయ్యి వంకర కాదత్తయ్యా" అని పైకే అనేశాను.

"వాడి చెయ్యి వంకరని ఎవరన్నారే? వంకరంతా వాడి నోట్లోనే కదా!" అన్నారు మంచం మీంచి. నేను ఏడవడం చూసి నావైపు చెయ్యి చాపారు.

నిన్న మధ్యాహ్నం అసలు ఫొటోలూ నా ప్రింట్లూ పట్టుకుని రోడ్ల ఆఫీసుకి వెళ్లాను. ఇంజనీరుగారు వరసగా బల్ల మీద పరిచి, కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"ఈ ప్రింటు మా గోడ మీద కూడా ఉందమ్మా. దీన్ని చూసే కొండ కదల్లేదని పోయిన ఏడు రిపోర్టు రాశాం. ఎవరు దిద్దారు?"

"నేనే బాబూ. ఆయనకి తెలియదు."

"మూడేళ్ల ముందు చూపించి ఉంటే..." అని ప్రింట్లు పక్కకి జరిపారు. తర్వాత, "అక్కడ ఎవరున్నారు?" అని అడిగారు. మా ఆయన, వంటాయన, ఆయన భార్య, ఇద్దరు ఆడపిల్లలు అన్నాను. ఖాళీ చేయించే కాగితం మీద సంతకాలు పడేసరికి రెండు రోజులట. వాన రేపే అంటున్నారు. మీరు ఆ మబ్బుల కోసమే కూర్చున్నారని నాకు తెలుసు. వద్దండీ. కెమెరా సర్దడానికి కూడా ఆగవద్దు. ఆ నలుగురినీ ముందు ఎక్కించండి. వంటాయన సామాను అంటాడు, వినవద్దు.

ప్రదర్శనవాళ్లకి కూడా నిజం రాసేశాను. మీ ఫొటోలు ఇక గోడ ఎక్కవు. మీరు నాతో ఎన్నాళ్లు మాట్లాడకపోయినా సరే, ఈ ఇంట్లో కూర్చుని మాట్లాడకుండా ఉండండి, చాలు.

అసలు ఫొటోలు అడిగినవాళ్లకల్లా చూపిస్తాను. దిద్దింది నేనని ఎక్కడైనా చెప్తాను. ఈ కాగితాలు మాత్రం మీ దగ్గరే దాచుకోండి, ఎవరికీ చూపించకండి. కొండని నమ్మి మీ చేతిని అనుమానించానన్న సంగతి మనిద్దరి మధ్యే ఉండనివ్వండి.

ఇట్లు,
వాకిట్లో వ్యాను కోసం చూస్తూ ఉండే
మీ ఇల్లాలు